ఆరు అంచుల ఊరు

ఈ ఊళ్ళో మనుషులు కనపడరు.

ఇళ్ళున్నాయి. ఏటవాలు కప్పులతో, బొమ్మలకొలువులో పేర్చినట్టు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రైలుంది. పట్టాల మీద తిరుగుతూనే ఉంటుంది, ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. ఏట్లో పడవ తన మానాన తను పోతుంటుంది. చేలు పండి బంగారంలా ఉంటాయి, కొడవలి పట్టుకుని ఎవరూ రారు. అలాగని దెయ్యాలు తిరిగే చోటు అనిపించదు. ఎండాకాలం మధ్యాహ్నం, భోజనాలయ్యాక అందరూ కునుకు తీసే వేళ మన ఊరి వీధి ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఇక్కడికి వెళ్ళడానికి వీసా అక్కర్లేదు, లాప్‌టాప్ ఉంటే చాలు. పేరు డోర్ఫ్‌రొమాంటిక్. వీడియో గేమే. కానీ ఇందులో తుపాకులుండవు, టైమర్ ఉండదు, వెనకనుంచి తరిమే జాంబీలుండవు, ఎక్కడో కూర్చున్న పన్నెండేళ్ళ పిల్లాడు హెడ్‌సెట్‌లోంచి మనల్ని బూతులు తిట్టడు. అసలు ఎవరూ ఏమీ అనరు.

జర్మన్‌లో డోర్ఫ్ అంటే ఊరు. రొమాంటిక్ అంటే మీకు తెలిసిందే, కాకపోతే ఇక్కడ హీరో హీరోయిన్ల సంగతి కాదు. పట్నంలో మూడో అంతస్తు గదిలో కూర్చుని "ఆహా, పల్లెటూరి జీవితం" అని నిట్టూరుస్తాం చూడండి, అదీ డోర్ఫ్‌రొమాంటిక్ అంటే. జర్మన్లు ఈ మాటని కాస్త వెటకారం కలిపే వాడతారు. గేమ్ తయారుచేసినవాళ్ళకీ ఆ సంగతి తెలియకపోదు. బెర్లిన్‌లో హెచ్‌టీడబ్ల్యూ అనే యూనివర్సిటీలో గేమ్ డిజైన్ చదువుతున్న నలుగురు విద్యార్థులు టౌకానా ఇంటరాక్టివ్ పేరుతో స్టూడియో పెట్టి దీన్ని చేశారు. 2021 మార్చి 25న స్టీమ్‌లో మొదటి రూపం వదిలారు, పూర్తి గేమ్ 2022 ఏప్రిల్ 28న వచ్చింది. 2021 మార్చి అంటే గుర్తుంది కదా, కరోనాతో లోకమంతా ఇళ్ళల్లో కూర్చున్న కాలం. కిటికీ దాటి బయటికెళ్ళలేని జనం చేతికి ఒక ఊరు ఇచ్చారు. ఎగబడ్డారంటే ఎగబడరా మరి!

ఆడే పద్ధతి చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. మీకు టైల్స్ దొంతర ఒకటి ఇస్తారు. ఒక్కో టైల్‌కి ఆరు అంచులు, తేనెపట్టులో గదిలాగా. ఒక్కో అంచు మీద ఏదో ఒకటి ఉంటుంది. అడవి, చేను, ఇళ్ళు, పచ్చిక, ఏరు, రైలు పట్టా. పైనున్న టైల్ తీసి, గుండ్రంగా తిప్పి చూసుకుని, అప్పటికే పరిచిన నేలకి ఆనించి పెట్టాలి. చేను పక్కన చేను, అడవి పక్కన అడవి పడితే పాయింట్లు. అడవి పక్కన ఇల్లు పడినా గేమ్ కోప్పడదు, పాయింట్లు రావు, అంతే. ఏటికీ పట్టాలకీ మాత్రం ఆ సడలింపు లేదు. ఏరు వెళ్ళి ఇంటిగోడకి గుద్దుకోవడం కుదరదు, పట్టాలు చేలో ఆగిపోవడం కుదరదు.

ఆరు వైపులా ఆరూ కలిస్తే ఆ టైల్ పర్ఫెక్ట్. బహుమతిగా దొంతరలోకి ఇంకో టైల్ వచ్చి చేరుతుంది. కొన్ని టైల్స్ మీద అంకె తేలుతూ ఉంటుంది. ఈ అడవిని ఇన్ని చెట్లదాకా పెంచు, ఈ ఊరిని ఇన్ని ఇళ్ళదాకా పెంచు అని. చేస్తే మరికొన్ని టైల్స్ ఇస్తారు. దొంతర అయిపోతే ఆట అయిపోయినట్టే. అప్పుడు కూడా "ఓడిపోయావ్" అని ఎర్రక్షరాలు కొట్టొచ్చినట్టు రావు. మీరు కట్టిన నేలంతా పైనుంచి ఒకసారి చూసుకుని, కావాలంటే మళ్ళీ మొదలుపెట్టచ్చు.

ఇంత సింపుల్ దాంట్లో కిక్ ఎక్కడుంది అంటారా? ఖాళీలో ఉంది. ఆడుతూ ఆడుతూ ఉండగా ఒకచోట చుట్టూ ఆరు టైల్స్ పడి మధ్యలో ఒక్క గుంట మిగిలిపోతుంది. దానికి కావలసింది ఏమిటో మీకు తెలుసు. రెండు వైపులా అడవి, మూడు వైపులా చేను, ఒకవైపు పట్టా. అది వస్తుందని కూర్చుంటారు. ఏరు వస్తుంది. ఇళ్ళు వస్తాయి. మళ్ళీ ఏరు. అరగంట పోయాక, మీరు ఆ గుంటని మర్చిపోయి వేరే దిక్కున ఊరు కడుతుంటే, అప్పుడొస్తుంది. పరిగెత్తుకుంటూ వెనక్కెళ్ళి దాన్ని అక్కడ పెట్టినప్పుడు వచ్చే చిన్న శబ్దం కోసం నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో లెక్క లేదు.

నేను బెర్లిన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. వారానికి మూడు రోజులు ఒక గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దే పని. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది. పని నుంచి గదికొచ్చేసరికి రాత్రి పదకొండు. అన్నం, పెరుగు, అమ్మ పంపిన ఆవకాయ, ఆ పక్కన డోర్ఫ్‌రొమాంటిక్. గోడౌన్‌లో రోజంతా పెట్టెల్ని సందు లేకుండా పేర్చి వచ్చి, మళ్ళీ ఇంట్లో పలకలు పేర్చడం ఏమిటని నా రూమ్మేట్ నవ్వుతుంది. తేడా ఉంది. అక్కడ స్కానర్ నన్ను చూసి కూస్తుంది. ఇక్కడ రైలు నా కోసం ఆగదు, నన్ను తొందరపెట్టదు కూడా.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో నాన్నగారికి ఈ ఊరు చూపించాను. అప్పటికి నా నేల చాలా పెద్దదైంది. ఒక దిక్కున చెట్లు పచ్చగా, ఇంకో దిక్కున ఆకులు రంగు మారి. ఆయన ఫోన్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు.

"బావుందమ్మా. మురుగు ఎటు పోద్ది?"

"మురుగేంటి నాన్నగారూ?"

"అంత చేను వేశావు కదా. వానొస్తే నీళ్ళు ఎటు పోతాయి? మురుగు కాలవ కనపడదే?"

నిజమే. డోర్ఫ్‌రొమాంటిక్‌లో మురుగు కాలువ లేదు. చేలున్నాయి, గట్లు లేవు. ఇళ్ళున్నాయి, తూములు లేవు. ఈ గేమ్ గురించి ఇంటర్నెట్‌లో రాసినవాళ్ళు రంగుల గురించి రాశారు, సంగీతం గురించి రాశారు, మనశ్శాంతి గురించి పేజీలు పేజీలు రాశారు. మురుగు గురించి అడిగినవాడు మాత్రం నాకు తెలిసినంతలో మా నాన్నగారొక్కరే.

ఆయన అలా అడగడానికి కారణం ఉంది. మాది కోనసీమ. అమలాపురం నుంచి సముద్రం వైపు ఆటోలో 45 నిమిషాలు. మా రెండెకరాల చేనుకి తూర్పు గట్టు అవతల ఉన్నది వరసకి బాబాయి అయ్యేవారి చేను. రెండేళ్ళ క్రితం ఆయన దాన్ని రొయ్యల చెరువు చేశారు. బాబాయిని ఏమీ అనలేం. వరి మీద మిగిలేది ఏమీ లేదు, పిల్లల ఫీజులున్నాయి, చెరువుకిచ్చే లీజు చేతిలో పడితే ఏడాది నిశ్చింత. కానీ చెరువులో ఉప్పునీళ్ళు. నీళ్ళకి గట్టు తెలియదు. కిందనుంచి ఊరుతూ ఊరుతూ మొదటి ఏడాది మా తూర్పు గట్టు పక్కన నాలుగు వరసలు ఎర్రబారాయి. రెండో ఏడాది పావు ఎకరం పోయింది. ఎండాకాలంలో మట్టి మీద తెల్లగా పొక్కు కడుతోంది.

ఇక మిగిలిన దారి అందరూ చెప్పేదే. నువ్వూ చెరువు తవ్వించేయ్. అప్పుడు అంచులు కలుస్తాయి. చెరువు పక్కన చెరువు. పాయింట్లొస్తాయి. లీజుకి తీసుకునేవాళ్ళు రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్ళారు. సార్వా నారుమళ్ళు పోసేలోపు ఏదో ఒకటి తేల్చమన్నారు. నాన్నగారు తల ఊపారు, ఏమీ చెప్పలేదు. మా పడమటి గట్టు అవతల ఇంకో ముగ్గురి చేలున్నాయి. మాది చెరువైతే ఆ తరవాతి అంచు వాళ్ళది. మా చేల్లో నాట్లేసే ఆడవాళ్ళు పన్నెండు మంది ఉన్నారు. చెరువుకి నాట్లు అక్కర్లేదు, ఒక వాచ్‌మన్ చాలు.

ఇదంతా తెలిసి ఆడుతుంటే గేమ్ మారిపోతుంది. పక్క టైల్‌కి ఏమవుతుందో అని చూడటం మొదలుపెడతాం. నేను చేలని ఏటికి దగ్గరగా పెట్టడం మానేశాను. పాయింట్లు పోయినా సరే.

బోర్డ్ గేమ్ సంగతి కూడా చెప్పాలి. ఈ వీడియో గేమ్‌ని మిఖాయెల్ పామ్, లూకాస్ జాఖ్ అనే ఇద్దరు డిజైనర్లు అట్టపలకల ఆటగా మార్చారు. 2023లో దానికి జర్మనీలో అందరూ ఎదురుచూసే అవార్డు, ష్పీల్ డెస్ యారెస్, వచ్చింది. అంటే 'ఆ ఏటి ఆట' అని. ఇలా పలకలు పేర్చే ఆటకి ఈ అవార్డు కొత్త కాదు, ఫ్రాన్స్‌లోని కోటనగరం పేరు పెట్టుకున్న కార్కసోన్‌కి 2001లోనే ఇచ్చారు. కానీ కార్కసోన్‌లో పక్కవాడి కోట మనం లాక్కోవచ్చు. డోర్ఫ్‌రొమాంటిక్‌లో ఆడేవాళ్ళందరూ ఒకే జట్టు. మా హాస్టల్ కిచెన్‌లో నేను, ఒక బెంగాలీ అబ్బాయి, ఒక టర్కిష్ అమ్మాయి కలిసి ఆడాం. ఒక్కో పలక ఎక్కడ పెట్టాలో ముగ్గురూ ఒప్పుకోవాలి. లాప్‌టాప్‌లో రెండు సెకన్లలో పెట్టే టైల్‌కి ఇక్కడ పది నిమిషాల పంచాయితీ. రిలాక్సింగ్ గేమ్ అని పెట్టె మీద రాసినవాళ్ళని ఒకసారి మా కిచెన్‌కి పిలవాలి.

మే నెలలో ఒక శనివారం సైకిల్ తీసుకుని రైలెక్కాను. గేమ్ చేసినవాళ్ళు బెర్లిన్ వాళ్ళు కదా, మరి ఈ నేల ఎక్కడిది అని చూడాలనిపించింది. బెర్లిన్ చుట్టూ ఉన్న రాష్ట్రం బ్రాండెన్‌బుర్గ్. ఊరు దాటి పావుగంట కాకముందే కిటికీలోంచి డోర్ఫ్‌రొమాంటిక్ మొదలవుతుంది. పైన్ చెట్ల అడవి ముక్క, దాని పక్కన చేను ముక్క, చేను చివర పది ఇళ్ళు, వాటి మధ్యలో రాతి చర్చి, మళ్ళీ అడవి. ఎవరో పైనుంచి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వెళ్ళినట్టు. ఆ రోజుల్లో కనోలా చేలు పూతలో ఉన్నాయి. మన ఆవ మొక్కకి చుట్టం అది. ఆ పసుపు ఎంత పసుపంటే, ఫోన్‌లో ఫొటో తీస్తే ఫిల్టర్ పెట్టామనుకుంటారు.

ఎబర్స్‌వాల్డేలో దిగి, అక్కడ ఆర్‌బీ 60 అనే చిన్న రైలెక్కితే, అది ఓడర్‌బ్రుఖ్ అనే పల్లపు ప్రాంతంలోకి తీసుకెళ్తుంది. పోలండ్ సరిహద్దున పారే ఓడర్ నది పక్కన, బల్లపరుపుగా, గీతగీసినట్టుండే నేల. రైలు స్టేషన్ల బోర్డుల మీద, దారిలో పేరు పలకల మీద "నోయ్" అనే ముక్క మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. నోయ్‌ట్రెబ్బిన్, నోయ్‌లెవిన్, నోయ్‌బార్నిమ్. నోయ్ అంటే కొత్త. మన దగ్గర కొత్తపేట, కొత్తపల్లి ఉన్నట్టే.

ఆ కొత్త వెనకాల పెద్ద కథే ఉంది. 280 ఏళ్ళ క్రితం ఇదంతా చిత్తడి. తరచూ నీళ్ళకింద ఉండేది. దిబ్బల మీద ఇళ్ళు కట్టుకుని చేపలు పట్టుకునేవాళ్ళ ఊళ్ళు ఉండేవి. పక్కనే ఉన్న వ్రీట్సెన్ పట్నం చేపల సంతకి పేరు మోసింది. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్‌కి ఆ నీళ్ళు కాదు, చేలు కావాలి. 1747 నుంచి 1753 దాకా నదికి తూర్పున సూటిగా కొత్త దారి తవ్వించి, గట్లు కట్టించి, చిత్తడిని ఎండగట్టించాడు. లెక్కలు సరిచూసినవాళ్ళలో గణిత మేధావి ఆయిలర్ కూడా ఉన్నాడు. తర్వాత వేరే దేశాల నుంచి మనుషుల్ని రప్పించి, భూమి ఇచ్చి, వరసగా ఊళ్ళు వేయించాడు. ఇక్కడో ఊరు, దాని చుట్టూ చేను, ఆ పక్కన కాలువ. నేను లాప్‌టాప్‌లో చేసే పనే. ఆయన చేతికిందున్న టైల్స్ కింద అప్పటికే మనుషులుండేవాళ్ళు, అదొక్కటే తేడా. నీళ్ళు పోయాక చేపలు పోయాయి. చేపలతో బతికినవాళ్ళు నాగలి పట్టక తప్పలేదు.

లెట్షిన్ అనే ఊళ్ళో దిగాను. ఊరి మధ్యలో ఎత్తైన గడియారం గోపురం ఉంది. ఒక చర్చికి షింకెల్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ గీసిన గోపురం అది. చర్చిని పడగొట్టేశారు, గోపురం ఒక్కటే మిగిలింది. చుట్టూ ఏ అంచూ కలవని టైల్‌లా నిలబడి ఉంది. అక్కడికి దగ్గర్లోనే చేతికర్రతో ఫ్రెడరిక్ విగ్రహం. దాన్ని చూడగానే నాకు నవ్వొచ్చింది. మా వైపు ప్రతి లాకుల దగ్గరా, ప్రతి సెంటర్లో టోపీ పెట్టుకుని ఒక దొరగారి విగ్రహం ఉంటుంది. కాటన్ దొర. ఓడర్ పని మొదలైన సరిగ్గా వందేళ్ళకి, 1847లో, ఆయన ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట మొదలుపెట్టాడు. 1852కి పూర్తయింది. అక్కడ నీళ్ళు తోడి బయట పోశారు, మా దగ్గర నీళ్ళు మళ్ళించి లోపలికి తెచ్చారు. రెండు చోట్లా చేలు వచ్చాయి, రెండు చోట్లా విగ్రహాలు లేచాయి. మా కోనసీమ కూడా ఎవరో పరిచిన టైల్సే అని అంతవరకు నాకు తట్టలేదు. కాలువ పక్కన కొబ్బరి, కొబ్బరి వెనకాల వరి, వరి మధ్యలో ఊరు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి దేవుడే అలా ఇచ్చాడనుకుంటాం. (దేవుడు పట్టాల టైల్ మాత్రం ఇవ్వలేదు. అమలాపురానికి రైలు వస్తుందని నేను ఒకటో తరగతిలో విన్నాను.)

లెట్షిన్ దాటి నది వైపు తొక్కుతుంటే దారి పక్కన ఇంటి ముందు ఒక పెద్దావిడ కలుపు తీస్తోంది. బాటిల్లో నీళ్ళడిగాను. ఏ దేశం అని అడిగింది, ఇండియా అన్నాను, ఇండియాలో ఎక్కడ అంటే నది సముద్రంలో కలిసే చోట అన్నాను. అంతే, ఆవిడ చేతులు దులుపుకుని వచ్చి కంచె మీద మోచేతులు పెట్టుకుంది. నది పక్కన ఉండేవాళ్ళకి మాటలు కలవడానికి ఎక్కువసేపు పట్టదు.

1997 వేసవిలో ఓడర్‌కి వరదొచ్చినప్పుడు ఆవుల్ని లారీలెక్కించి పంపేశారట. సైన్యం వచ్చి ఇసుక బస్తాలు వేసింది. ఇక్కడి గట్టు చివరిదాకా నిలిచింది. "గట్టు తెగకపోయినా నీళ్ళొస్తాయి" అంది ఆవిడ. నాకు అర్థం కాలేదనుకుని కాలితో నేల మీద తట్టి చూపించింది. నది నిండితే నీటిమట్టం చేలకంటే పైన ఉంటుంది. ఆ బరువుకి నీళ్ళు గట్టు కిందనుంచి దూరి, ఇవతల చేలల్లో, ఇళ్ళ సెల్లార్లలో ఊరుతాయి. దానికి వాళ్ళకి ఒక మాటుంది. డ్రెంగెవాసర్. నెట్టుకొచ్చే నీళ్ళు అని.

"మరి ఏం చేస్తారు?"

"కాలువలు తవ్వుతాం. ఊరిన నీళ్ళు కాలువలో పడాలి, అక్కణ్ణుంచి పంపుతో తోడాలి. రోజూ. మా తాతల నుంచి అదే పని. రాజు ఒకసారి ఎండగట్టి వెళ్ళిపోయాడు, తోడేది మేము."

ఆవిడ నాకు నీళ్ళతో పాటు ఒక కట్ట తెల్లటి ఆస్పరాగస్ కూడా ఇచ్చింది. దాన్ని ఎలా వండాలో చెప్పింది గానీ, నేను శనగపిండి వేసి వేపుడు చేశాను. ఆవిడకి తెలియకపోతే మంచిది.

గ్రోస్ నోయెండోర్ఫ్ అనే ఊరి దగ్గర నది తగులుతుంది. ఒకప్పుడు ధాన్యం పడవలకెక్కించిన రేవు. ఇప్పుడు రైలు లేదు, కొన్ని పాత పెట్టెలు మాత్రం నది వైపు చూస్తూ నిలబడి ఉన్నాయి. డోర్ఫ్‌రొమాంటిక్‌లో ఏరూ పట్టాలూ కలిసే టైల్ ఒకటుంది. నీళ్ళ పక్కన స్టేషన్. ఎక్కడైనా పెట్టుకోవచ్చు కాబట్టి ఆ టైల్ వస్తే పండగే. ఆ టైల్ ముందు నిలబడి నేను కొనుక్కొచ్చిన చీజ్ రొట్టె తిన్నాను. నది అవతల పోలండ్. గట్టెక్కి నిలబడితే ఒకవైపు నది, ఇంకోవైపు మట్టసంగా చేలు. వాటి మధ్య గీతల్లాగా కాలువలు. ఒకటి కాదు, పది కాదు. ప్రతి చేనుకీ ఒక అంచు కాలువే. గేమ్ చేసినవాళ్ళు ఇదంతా చూసి కూడా ఆ గీతలు తీసేసి ఉంటారు. తప్పుపట్టను. పని నుంచి అలసి వచ్చినవాడికి మురుగు కాలువ పూడిక తీసే గేమ్ ఇస్తే ఎవరు ఆడతారు?

అక్కణ్ణుంచే ఇంటికి వీడియో కాల్ చేశాను. నాన్నగారికి గేమ్ చూపించినప్పటికంటే ఎక్కువ ఆసక్తి ఇప్పుడు. ఫోన్ తిప్పించి తిప్పించి అడిగారు. కాలువ ఎంత లోతు? గట్టుకి ఎంత దూరం? ఒడ్డు కూలకుండా ఏం వేశారు? నీళ్ళు చివరికి ఎక్కడ పోస్తారు? సగానికి నాకు జవాబు తెలియదు, సైకిల్ దిగి అడుగులతో కొలిచి చెప్పాను. పక్కనున్న అమ్మ "పిల్ల చూట్టానికి వెళ్ళిందా, సర్వేకి వెళ్ళిందా" అంది.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన ఈ సంగతి ఎత్తలేదు. అమ్మే చెప్పింది. పడమటి గట్టువాళ్ళు ముగ్గురినీ, బాబాయినీ కూర్చోబెట్టి మాట్లాడారట. మా చేనుకీ చెరువుకీ మధ్య కందకం తవ్వాలి. ఊరిన ఉప్పునీళ్ళు అందులో పడి మురుగు కాలువలోకి పోవాలి. కానీ ఆ మురుగు కాలువే గుర్రపుడెక్కతో పూడిపోయి ఉంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం అని చేలు బీడు పెట్టినప్పుడు చెప్పిన కష్టాల్లో ఈ మురుగు కాలువలూ ఉన్నాయి. నాన్నగారూ అప్పుడు చేను వెయ్యలేదు. కాబట్టి ముందు కాలువ బాగుచేసుకోవాలి, తర్వాత కందకం. మా కిచెన్‌లో బోర్డ్ గేమ్ పంచాయితీకి పది నిమిషాలు పట్టింది, అక్కడ మూడు సాయంత్రాలు పట్టిందట. చివరికి పొక్లెయిన్ ఖర్చులో సగం బాబాయి పెట్టుకుంటానన్నారు. కందకానికి పోయే ఆరడుగుల నేల మాది.

మిగతా సగం గురించి మీ నాన్న నిన్ను అడగరు అంది అమ్మ. అడగలేదు కూడా. ఆగస్టులో ఇంటికి రావడానికి దాచుకున్న టికెట్ డబ్బులున్నాయి నా దగ్గర. అవి పంపాను. సంక్రాంతికి వద్దువులే, అప్పటికి కోత కూడా అయిపోద్ది అన్నారు నాన్నగారు. లీజువాళ్ళకి ఈ ఒక్క సార్వా చూస్తానని చెప్పారట. ఆ తర్వాత ఏం చేస్తారో ఆయనకే తెలియదు.

ఈ మధ్య ఆడిన ఆటలో నా ఊరు ఇదివరకటి కన్నా పెద్దదైంది. నాలుగు గుంటలు మిగిలాయి. ఒకదానికి ఒకవైపు పట్టా, ఐదువైపులా చేను కావాలి. ఇంకా రాలేదు. దొంతరలో పదకొండు టైల్స్ ఉన్నాయి, సేవ్ చేసి పెట్టాను.

నిన్న పొద్దున్న నాన్నగారు కందకం ఫొటో పంపారు. గట్టు పక్కన నిటారుగా గోధుమరంగు మట్టి, అడుగున మోకాలి లోతు నీళ్ళు. వాయిస్ మెసేజ్ కూడా ఉంది.

"నాలిక మీద వేసుకుని చూశానమ్మా. ఉప్పు కషాయం. అంటే ఇందులోకే దిగుతోంది."

చేలో నీళ్ళో, అని అడిగాను.

"అయ్యా? అయ్యి చప్పగానే ఉన్నాయి."